పెట్టె పట్టని వీధి

మా అవ్వ రాహేలమ్మకు ఆత్మకూరు బజారువీధిలో ప్రతి ఇంటి పెరడూ తెలుసు. ఒక్క ఇంటి వాకిలి కూడా ఆమె తొక్కి ఎరగదు. వయసులో ఉన్నప్పుడు ఉదయగిరి మిషన్ దొరసాని దగ్గర కాన్పులు చేయడం నేర్చుకుని వచ్చింది. బజారులో ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా మా పాలెంలోకి మనిషి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. పాలెం అంటే ఊరు మమ్మల్ని దూరంగా పెట్టిన చోటు. అవ్వ వెనక సందులోంచి పోయి, పెరటి తలుపు తోసుకుని లోపలికెళ్ళి, బిడ్డను భూమ్మీద వేసి, బొడ్డు కోసి, మళ్ళీ ఆ పెరటి తలుపులోంచే బయటికి వచ్చేది. పురిటిల్లు కడుక్కోవడం ఎవరికైనా మామూలే. అవ్వ తాకిందని మాత్రం ఇంకో నాలుగు బిందెలు ఎక్కువ పోసేవాళ్ళని మా అమ్మ లిదియమ్మ దెప్పుతుండేది.

అవ్వ నవ్వేసేది. "పోసుకోనీలేవే. ఆ బిడ్డను ముందు పట్టుకున్న చేతులు ఎవురివి? వాటినేం కడగలేరు గదా" అనేది.

ఆమెకు ఉన్నదల్లా ఒక్క కోరిక. "నేను పోతే నా పెట్టెను బజారు మీదుగా తీసకపోండి. నేను భూమ్మీద ఏసినోళ్ళంతా ఆ అరుగుల మీదనే కూర్చోనుండారు. పోతా పోతా ఒక్కసారి వాళ్ళను ముందుపక్క నుంచి చూసి పోతా."

"చచ్చినాక ఏం చూస్తావవ్వా?" అని నేను వేళాకోళం ఆడేదాన్ని.

"నాకు కనపడకపోతే ఏమాయె, వాళ్ళకు కనపడతాను గదే" అనేది.

మా పాలెం ఊరికి తూర్పున. మా సమాధులు పడమట, ఉదయగిరి రోడ్డు పక్కన. మధ్యలో బజారువీధి. తిన్నగా నడిస్తే ఎంతో దూరం లేదు. కానీ మా పాలెంలో ఎవరు పోయినా ఊరి చుట్టూ తిరిగి చెరువుకట్ట మీది బాటనే తీసుకుపోవాలి. బజారు వాళ్ళ శవాలు మాత్రం డప్పులతో, పూలతో బజారు మీదుగానే పోయేవి. ఆ డప్పులు కొట్టేది మా పాలెం వాళ్ళే.

మా తాత పిచ్చయ్య చనిపోయినప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళుంటాయి. మా నాయన ప్రేమానందం ధైర్యం చేసి బజారు పెద్దల దగ్గరికి పోయి అడిగాడు. వాళ్ళు కాదంటే బాగుండేది. వీధికంతా పెద్దమనిషి కిరాణా అంగడి రమణయ్యగారు అరుగు దిగి వచ్చి, మా నాయనకు ఎదురుగా నిలబడి, ఎంతో నొచ్చుకుంటూ చెప్పాడట.

"మాకేం అభ్యంతరంరా ప్రేమానందం? వీధి ఇరుకు, అదీ సంగతి. మాదంటే పాడె, సన్నంగా పోతాది. మీది పెట్టె. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు మొయ్యాల. వెంగమ్మ మలుపు కాడ పట్టదురా. అరుగుకు తగిలి పెట్టె కింద పడిందంటే, పోయినోడికి ఎంత అవమానం!"

మా నాయన ఆ మాటను కళ్ళకద్దుకుని వచ్చాడు. "రమణయ్యగారు మనకోసం ఎంత బాధపడినారో" అని ఇంటికి వచ్చి అందరికీ చెప్పాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మే మనిషి ఆయన. నాకు మా అమ్మ పోలిక వచ్చింది. తిట్టి పంపేవాడి మీద నాకంత కోపం రాదు, తల నిమిరి వెళ్ళగొట్టేవాణ్ణి తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది.

వెంగమ్మ మలుపు అంటే మా కొట్టు ఉన్న చోటే. వెంగమ్మగారు భర్త పోయిన మనిషి. ఆమె కూతురు కాన్పులో చచ్చి బతికింది, బతికించింది మా అవ్వ. ఆ కృతజ్ఞతతో వెంగమ్మగారు తన అరుగు చివరి ముక్కను అవ్వ పేర రాసిచ్చింది. వీధంతా నోళ్ళు నొక్కుకుంది. ఆమె లెక్క చేయలేదు. ఆ ముక్క మీద తాటాకులు కప్పి మా నాయన కుట్టుమిషను పెట్టుకున్నాడు. బజారులో పాలెం మనిషికి ఉన్న చోటు అదొక్కటే. కొలతలు తీసుకోవాలంటే మనిషిని తాకాలి కదా, అందుకని ఎవరూ కొలతలు ఇచ్చేవాళ్ళు కాదు. పాత చొక్కానో పాత రవికనో ఆదికి తెచ్చి అరుగు మీద పడేసి పోయేవాళ్ళు. మా నాయన దాన్ని చూసి కుట్టేవాడు. అయినా ఆయన కూర్చునేది అరుగు మీద, గుడ్డ ఇచ్చేవాడు నిలబడేది వీధిలో. రెడ్డిగారైనా సరే మా నాయనతో మాట్లాడాలంటే తల కొంచెం పైకెత్తాల్సిందే. ఆ సంగతి మా అవ్వకు ఎంత గర్వమో చెప్పలేను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు బజారువీధిని వెడల్పు చేయాలని పంచాయతీ ప్రెసిడెంటు గారు పట్టుపట్టారు. అప్పటికి నెల్లూరు బస్సు ఊరి బయట కూడలిలోనే ఆగిపోయేది. రెండు పక్కలా అరుగులు కొట్టేసి ఇళ్ళు వెనక్కి జరుపుకుంటే బస్సు బజారులోంచి ఉదయగిరి రోడ్డెక్కుతుందని ఆయన వాదం. చావిడిలో మీటింగు పెట్టారు. పేరుకు మీటింగు, జరిగింది కోడిపందెం.

"బస్సు లోపలికొస్తే బ్యాంకి వస్తాది. మిద్దెలు లేస్తాయి. సినిమా హాలు వస్తాది. ఇట్నే అరుగులు పట్టుకోని కూర్చుంటే రేపు వింజమూరోళ్ళు మనల్ని దాటిపోతారు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పోనీండి! బస్సు కోసం ఇల్లు కూలగొట్టుకుంటారా ఎవురైనా? మా తాత కట్టించిన అరుగది. కూడలి కాడ దిగి నడిచొస్తే కాళ్ళరిగిపోతాయా?" అని రమణయ్యగారు లేచాడు.

కాఫీ హోటలు హుసేనయ్య ఊరుకోలేదు. "నీకేం సామీ, ఉప్పూ చింతపండూ కావాలంటే యాడున్నా నీ అంగడికే వస్తారు. నా కాఫీ తాగను కూడలి నుంచి ఎవుడొస్తాడు? బస్సు నా ముందర నిలబడితేనే నాకు గిరాకీ."

"నీ కాఫీ నీళ్ళకోసం మా ఇంటి మొగసాల కొట్టాల్నా?" అని ఇంకొకరు. ఆ రోజు తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు. రెండో మీటింగులో ఒకరి తాతలను ఒకరు తవ్వి తీసుకున్నారు. తమ అరుగే మొదట కొట్టమని ఒప్పుకునే మొనగాడు మాత్రం ఒక్కడూ లేడు.

మూడో మీటింగుకు ప్రెసిడెంటు గారు మా నాయనకు కబురు పెట్టారు. పాలెం మనిషిని చావిడిలోకి పిలవడం ఊరు పుట్టాక అదే మొదలు. మా చిన్నాయన వరప్రసాదం, పాలెం బడిలో పంతులు, తోడు పోయి చావిడి బయట నిలబడి అంతా విన్నాడు. ఆయన చెప్పిందే నేను చెబుతున్నాను. ఎప్పుడూ "ఒరే" అని పిలిచే ప్రెసిడెంటు గారు ఆ రోజు "రావయ్యా ప్రేమానందం, ఇట్టా వచ్చి కూర్చో" అన్నారట. అందరిలోకీ చిన్నవాడు, కొట్టు మొత్తం పోగొట్టుకునేవాడు సరేనంటే, అరుగు మాత్రమే పోయేవాళ్ళు నోరెత్తలేరు. ఆ ఎత్తు ఎవరికి అర్థమైనా మా నాయనకు అర్థం కాలేదు. ఆయన మనసులో ఇంకో ఆలోచన ఉంది.

"అయ్యా, మీ అందరికీ అరుగు పోతే ఇల్లుంటాది. నాకు ఆ కొట్టు పోతే బజారులో ఏమీ ఉండదు. అయినా నేను ఇచ్చేస్తా. మొదటి గడ్డపార నేనే ఏస్తా" అన్నాడు మా నాయన నిలబడే. "ఒక్క మాట అడుగుతా. మా నాయన పోయినప్పుడు వెంగమ్మగారి మలుపు కాడ పెట్టె పట్టదని చెరువుకట్ట మీద తీసకపోయినాం. ఆ మలుపుకు అడ్డం మా కొట్టే. మా యమ్మ పెద్దదైపోయినాది. ఈ ఊళ్ళో సగం మందిని ఆమె చేతుల్లో పట్టుకున్నాది. వీధి వెడల్పయితే ఆమె పెట్టె పడతాది. ఆమెను బజారు మీదుగా తీసకపోతే చాలు, నాకు బదులు స్థలం కూడా వద్దు."

చావిడిలో చీమ చిటుక్కుమనలేదట. కాసేపటికి ప్రెసిడెంటు గారు, "వీధి అందరిదీ గదయ్యా" అన్నారు. ఏ అందరో చెప్పలేదు. రమణయ్యగారు కింద చూస్తూ కూర్చున్నాడు. పాలెం దర్జీ కొట్టు మొత్తం ఇచ్చేస్తుంటే అరుగు ముక్క కోసం పేచీ పెట్టడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఆ పూటే అందరూ ఒప్పుకున్నారు.

దారిలో వరప్రసాదం చిన్నాయన అన్నాడు. "అన్నా, వాళ్ళు ఔననలేదే."

"కాదనలేదు గదరా."

"కాదనకపోతే ఔనన్నట్టా? ఆ మౌనాన్ని నమ్మబాకు."

"నువ్వు పంతులువి, ప్రతిదానికీ తప్పులు దిద్దుతావు" అని మా నాయన నవ్వాడు.

ఇంట్లో మా అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. "తిండి పెట్టే కొట్టు కూలగొట్టి చావుకు దారి కొనుక్కోనొచ్చినాడు మీ నాయన" అని నాతో అంది. అవ్వకు మా నాయనే చెప్పాడు. ఆ కొట్టు ఆమె చేతుల కష్టం. అయినా కొడుకును దగ్గరికి పిలిచి, "నాకోసం ఇంత పని చేసినావా అబ్బయ్యా" అని ఆయన మొహం రెండు చేతులతో తడిమింది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. ఆమె కళ్ళ నీళ్ళు చూసి మా అమ్మ కూడా లోపలికి పోయి ఏడ్చింది.

మాట ప్రకారం మొదటి గడ్డపార మా నాయనే వేశాడు. వెంగమ్మగారు అప్పటికి లేదు. ఉంటే ఆపేదేమో. మిషనును నేనూ మా నాయనా మోసుకుని పాలెం తెచ్చుకున్నాం. బజారు వాళ్ళు పాలెంలోకి వచ్చి బట్టలివ్వరు కదా. మా కొట్టు పోయిన నెలలోనే హుసేనయ్య హోటలు పక్కన కావలి నుంచి ఒక దర్జీ వచ్చి దిగాడు. ఆయన మనుషులను తాకి కొలతలు తీసుకునేవాడు. పాలెంలో చిరుగులకు అతుకులు వేయడం తప్ప మా నాయనకు పని లేకుండా పోయింది. నేను చదువు మానేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

అయినా ఆ రోజుల్లో మా నాయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కంకర పరిచేదాకా రోజూ పోయి చూసి వచ్చేవాడు. "యాడిదాకా వచ్చినాది అబ్బయ్యా?" అని అవ్వ అడిగేది. "రమణయ్యగారి అంగడి దాటినాదిమా" అని చెప్పేవాడు. ఒకరోజు టేపు తీసుకుపోయి వెంగమ్మ మలుపు దగ్గర అడ్డంగా కొలిచి వచ్చాడు. "పెట్టెను అడ్డంగా తిప్పి మోసినా పడతాదిమా!" అని గట్టిగా నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. బతికున్న తల్లి శవపెట్టె కొలతలు చెప్పుకుని తల్లీ కొడుకూ నవ్వుకున్న ఇల్లు మాదే అనుకుంటాను.

మొదటి బస్సు రావడానికి ఇంకా వారం ఉందనగా అవ్వ పోయింది. మంచం పట్టి ఎక్కువ రోజులు బాధపడలేదు. "బజారు మీదుగా" అని మాత్రం ఆఖరికి కూడా అంది. మా నాయన మిషను మీద తెల్లగుడ్డ వేసుకుని పెట్టెకు లోపలి పరుపు ఆయనే కుట్టాడు. ఏడుస్తూనే కుట్టాడు.

మర్నాడు పొద్దున పాటలు పాడుకుంటూ పాలెం అంతా కదిలింది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ముందు మా నాయన, చిన్నాయన. బజారు మొదట్లో కొత్త రోడ్డు ఎండకు తెల్లగా మెరుస్తోంది. దానికి అడ్డంగా బజారు మగవాళ్ళు పదిమందిదాకా నిలబడి ఉన్నారు. కర్రలు లేవు, కేకలు లేవు. తువ్వాళ్ళు భుజాల మీద వేసుకుని, దుఃఖం మొహాలు పెట్టుకుని నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు నెల్లూరు పోయారట.

రమణయ్యగారు ముందుకు వచ్చాడు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. "మా పిల్లల్ని అందర్నీ తీసిన చెయ్యిరా మీ అమ్మది. రాత్రి మా ఇంట్లో ఎవురూ అన్నం తినలా" అన్నాడు.

మా నాయన తల వంచి, "మీ దయ అయ్యా" అన్నాడు.

"కొత్త రోడ్డురా ప్రేమానందం. వచ్చే వారం మొదటి బస్సు. అంతలోకే దీని మీద శవం పోతే ఊరికి మంచిది గాదు. నువ్వు తెలిసినోడివి. ఈ ఒక్కసారికి కట్ట మీదుగా తీసకపో."

"పెట్టె పడతాదయ్యా" అన్నాడు మా నాయన. ఆ మాట వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. "వీధి వెడల్పయినాది. మా కొట్టు లేదిప్పుడు. నేను కొలిచి చూసినా, పడతాది."

హుసేనయ్య పక్కకు చూశాడు. ఆయన్ను కూడా మా అవ్వే తీసింది.

వరప్రసాదం చిన్నాయనకు ఆగలేదు. "పోయిన నెల మీ పెద్దమ్మను ఈ రోడ్డు మీదనే తీసకపోయినారు గదయ్యా? కంకర కూడా అణగలా అప్పటికి. మరి అది?"

రమణయ్యగారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "అది వేరే" అన్నాడు.

రెండే మాటలు. మా నాయన ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. పాట ఎప్పుడో ఆగిపోయింది. మా చిన్నాయన, "దించండి పెట్టె! ఈడనే దించండి, ఎవురు జరుపుతారో చూస్తా" అని అరిచాడు. కుర్రవాళ్ళు కొందరు ముందుకు తోసుకొచ్చారు.

"వద్దురా" అన్నాడు మా నాయన. "అమ్మను నడిరోడ్డు మీద పెట్టి కొట్లాడతామా? తిప్పండి."

"ఏరు దాటినాక బోడి మల్లన్నే" అని మా అమ్మ వాళ్ళకు వినబడేలా పైకే అంది. ఆ రోజు బజారు వాళ్ళకు తగిలిన మాట అదొక్కటే. అది కూడా తగిలిందో లేదో. పెట్టె ఆ రోడ్డు మీదే వెనక్కి తిరిగింది. తిరగడానికి చోటు బోలెడంత ఉంది.

చెరువుకట్ట మీది బాట మీకు తెలియదు కదా, చెబుతాను. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క రేగుముళ్ళు. ఎదురుగా గొడ్డు వస్తే మనిషి ముళ్ళల్లోకి తప్పుకోవాలి. ఆరుగురు మోయడం కుదరదు. ముందు ఒకరు, వెనక ఒకరు పెట్టెను భుజానికెత్తుకుని, అడుగు వెనక అడుగు వేసుకుంటూ పోవాలి. ముందు మా నాయన, వెనక మా చిన్నాయన. మేమంతా ఒకరి వెనక ఒకరం వరుసగా నడిచాం. ముళ్ళు పట్టి మా అమ్మ కోక చిరిగింది. పెట్టె ఎక్కడా ఇరుక్కోలేదు, దేనికీ తగల్లేదు.

సగం దూరం పోయాక దించుకుని ఊపిరి తీసుకున్నారు. పెట్టెను దించితే బాటంతా అదే అయింది. మా నాయన పక్కన నిలబడడానికి చోటు లేక నీళ్ళల్లోకి దిగి నిలబడ్డాడు. మోకాళ్ళదాకా నీళ్ళు. పెట్టెనూ బాటనూ మార్చి మార్చి చూశాడు.

"అమ్మణ్ణీ" అని నన్ను పిలిచాడు. "మీ తాతను గూడా ఈ బాటనే మోసినా. ఈ భుజం మీదనే."

"ఔన్నాయనా."

"ఈడ పట్టినాది గదా పెట్టె?"

నేను తలూపాను.

"బజారు దీనికన్నా ఇరుగ్గా ఎప్పుడుండాది?" అన్నాడు. "కొలతల మీద బతికినోణ్ణి గదే. ఆనాడు మోస్తా మోస్తా గూడా నాకు తట్టలేదు."

అంటూనే ఆయన నీళ్ళల్లో కూలబడి, పెట్టె మీద తల పెట్టుకుని, "అమ్మా, నీ కొట్టు కూలగొట్టినానమ్మా" అని ఏడ్చాడు.